పులి గొడుగు కింద తడుస్తున్న అలుగు

ఏటా జూలై 29న పులుల దినోత్సవ వేదికలెక్కే వక్తలకు ఒక సిద్ధాంతం కంఠతా వచ్చు: పులిని కాపాడితే చాలు, ఆ గొడుగు కింద అడవిలోని జీవులన్నీ బతికిపోతాయి. ఎంత చవకైన ధర్మం! ఒక్క జంతువును పోషించి సకల ప్రాణుల పుణ్యమూ మూటగట్టుకోవచ్చు. మరి ఆ గొడుగు కింద అలుగుకు (పాంగోలిన్‌కు) చోటెంత? రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవులే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలోనూ మన అలుగుదీ పులిదీ ఒకటే వరస. కాగితం మీద ఇంత సమానత్వం మనుషులకైనా దక్కలేదు. కాగితం దాటితే మాత్రం పులికి 1973 నుంచి సొంత ప్రాజెక్టు, ఆ తర్వాత సొంత ప్రాధికార సంస్థ, నాలుగేళ్లకోసారి గణన. 2021లో జరగాల్సిన మనుషుల జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి గాని పులుల లెక్క ఆగలేదు. దేశంలో అలుగులెన్నో చెప్పే లెక్కే లేదు. దొంగ రవాణాలో దొరికిన పొలుసుల బస్తాలను తూచినప్పుడే వాటి ఊసు వస్తుంది. పులిది తలల లెక్క, అలుగుది కిలోల లెక్క.

పులి పథకం దండగని ఎవరూ అనరు. 2006లో 1,411గా అంచనా వేసిన పులులు 2022 నాటికి 3,682కు చేరడం నిజమైన విజయమే. అభయారణ్యం లోపల పులి కోసం పెట్టిన కాపలా అలుగుకూ కొంత మేలు చేస్తుంది. అయితే అలుగు సరిహద్దు రాళ్లు చూసుకుని బతకదు. చీమలూ చెదలూ దొరికితే చిట్టడవిలోనూ పొలాల పక్కనా బొరియ తవ్వుకుంటుంది. అక్కడ కెమెరా లేదు, కాపలా లేదు. ఆపదొస్తే ఉండచుట్టుకోవడమే దాని ఆయుధం. పులి పంజాను విసిగించే ఆ ఉపాయమే సంచి పట్టుకొచ్చిన మనిషికి పని సులువు చేస్తుంది. ఈతకు సాధారణంగా ఒకటే పిల్ల కాబట్టి లోటు త్వరగా పూడదు. ఇంతా చేసి, మందని నమ్మి కొనే ఆ పొలుసుల్లో ఉన్నది మన గోళ్లలోని కెరాటినే. అందులో ఔషధ గుణముంటే ఎవరి గోళ్లు వాళ్లు అరగదీసుకుని తాగితే రోగాలన్నీ పోవాలి.

రాత్రిపూట తిరిగి పగలు బొరియలో దాగే జీవిని ఎలా లెక్కపెడతామని కొందరి వాదన. పులికున్నట్టు చారల్లేవు కాబట్టి కెమెరాలో ఏది ఏదో పోల్చుకోలేమన్నదీ నిజమే. కానీ పులి లెక్క మాత్రం మొదట్నుంచీ సక్రమంగా ఉందా? అడుగుజాడల లెక్కల్లో పులులు కళకళలాడుతుండగానే, 2005 నాటికి సరిస్కా పులుల అభయారణ్యంలో ఒక్కటీ మిగల్లేదని తేలింది. కష్టమని అప్పుడు చేతులెత్తేయలేదు, పద్ధతినే మార్చారు. అలుగు దగ్గరికొచ్చేసరికి ఆ పట్టుదల కనిపించదు. లెక్క లేదు కాబట్టి తగ్గిందని నిరూపించలేం, నిరూపించలేం కాబట్టి నిధులు అడగలేం, నిధులు రావు కాబట్టి లెక్క మొదలుకాదు. ఈ ఏర్పాటులో ఒక్క సౌకర్యం మాత్రం ఉంది: అలుగు పూర్తిగా అంతరించినా సర్కారు పద్దుల్లో ఒక్క అంకె కూడా మార్చనక్కర్లేదు.