పాలరాతి పాత్ర

అస్సీసిలో బట్టల వ్యాపారి కొడుకు ఫ్రాన్సిస్. తండ్రి ఆస్తి అక్కర్లేదని, ఒంటిమీది బట్టలతో సహా బిషప్ గారి ఎదుటే విప్పి తండ్రికి ఇచ్చేశారు. తన వెంట వచ్చిన సోదరులకు ఆయన రాసిన నియమావళిని 1223 నవంబరు 29న పోపు ఆమోదించారు. ఇల్లు గానీ స్థలం గానీ సొంతం చేసుకోకూడదు. డబ్బు ముట్టకూడదు, తమ తరఫున ఇంకొకరి చేత కూడా తీసుకోనివ్వకూడదు. అదీ నియమం. 1226 అక్టోబరు 3న కన్నుమూసే ముందు కూడా ఆయన కోరి మరీ కటిక నేలమీద పడుకున్నారు.

రెండేళ్లు తిరక్కుండానే, 1228 జూలై 16న, పోపు 9వ గ్రెగొరీ ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఆయన సమాధి కోసం పెద్ద దేవాలయం కట్టాలని మర్నాడే శంకుస్థాపన చేశారు. ఒక దాత స్థలం ఇచ్చాడు. సోదరులకు సొంత స్థలం ఉండకూడదు కాబట్టి రాతకోతలు పోపు పేరిట జరిగాయి. కట్టించే బాధ్యత సోదరుడు ఎలియాసు మీద పడింది. అతనికి ఫ్రాన్సిస్ మీద ప్రేమ లేక కాదు. ఆయన జబ్బున పడ్డప్పుడు దగ్గరుండి చూసుకున్నది అతనే. తన గురువుకు గొప్ప దేవాలయం కట్టాలనుకున్నాడు. దానికి డబ్బు కావాలి కదా! కానుకలు వేయడానికి అక్కడొక పాలరాతి పాత్ర పెట్టించాడు.

అది చూసి సోదరుడు లియో కుమిలిపోయాడు. ఫ్రాన్సిస్ పాపసంకీర్తనం విన్న యాజకుడు లియోనే. ఆయన స్వహస్తంతో ఆశీర్వాదం రాసిచ్చిన అరచేయంత తోలు కాగితాన్ని మడతపెట్టి ఎప్పుడూ ఒంటిమీదే ఉంచుకునేవాడు. ఏం చేయాలో తోచక పెరూజియాలో ఉన్న పాత సహచరుడు ఎజీడియోను అడిగాడని పాత ఫ్రాన్సిస్కన్ కథనాలు చెబుతాయి. నువ్వు చచ్చినవాడివైతే వెళ్లి పగలగొట్టు, బతికే ఉంటే దాని జోలికి పోకు, ఎలియాసు పెట్టే బాధలు ఓర్చుకోలేవు అన్నాడట ఎజీడియో.

పేదరికపు మాటపట్టుకు ఇంతకంటే సూటి అర్థం నేనెక్కడా వినలేదు. ఫ్రాన్సిస్కన్లు నడుముకు కట్టుకునే తాడుకు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయతలకు గుర్తుగా మూడు ముళ్లుంటాయి. మూడు ముళ్లు పడ్డాక మాట మీద ఎంతగా నిలబడాలో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట ఇచ్చినవాడిలో ‘నాది’ అనే మనిషి చచ్చిపోవాలి. డబ్బు వదిలేస్తే సరిపోదు, పదవి మీద, పరువు మీద, చివరికి ఒంటిమీద దెబ్బ పడుతుందన్న భయం మీద కూడా మమకారం వదలాలి. దేవుడి పని కోసమే కదా అని పోగుచేసే డబ్బు దగ్గరే ఈ మాట ఎక్కువగా జారిపోతుంది. గుడి కట్టినా, బడి కట్టినా, ఆసుపత్రి కట్టినా మనసు మెల్లగా దాన్ని సొంతం చేసుకుంటుంది.

లియో వెళ్లి ఆ పాత్రను ముక్కలు చేశాడు. ఎలియాసు అతన్ని కొరడాలతో కొట్టించి ఊళ్లోంచి వెళ్లగొట్టించాడు. పని ఆగలేదు. 1230లో ఫ్రాన్సిస్ భౌతికకాయాన్ని ఆ కొత్త దేవాలయానికి తరలించారు.

తర్వాత ఎలియాసు ఫ్రాన్సిస్కన్ సభకంతటికీ పెద్ద అయ్యాడు. గుర్రాల మీద తిరుగుతున్నాడని, ప్రత్యేకంగా వంటవాణ్ని పెట్టుకున్నాడని సోదరులే గొడవపెట్టారు. 1239లో అదే పోపు గ్రెగొరీ అతన్ని పదవి నుంచి దించేశారు. అతను పోపు శత్రువైన చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ పక్షం చేరి వెలివేతకు గురయ్యాడు. 1253లో కొర్టోనాలో, చివరి ఘడియల్లో శ్రీసభతో సమాధానపడి చనిపోయాడు.

లియో 1271 ప్రాంతంలో చనిపోయాడు. అతను దాచుకున్న ఆ తోలు కాగితం, మడతల గుర్తులతో సహా, ఇప్పుడు అస్సీసి దేవాలయంలో అమూల్యమైన సొత్తు. ఆ దేవాలయం కట్టించిన ఎలియాసు సమాధి అక్కడ లేదు. ఫ్రాన్సిస్ సమాధి చుట్టూ నాలుగు మూలలా ఆయన సహచరులు నలుగురున్నారు. అందులో ఒకరు పాత్ర పగలగొట్టిన లియో.