గల్లా పెట్టె ముందు కారు

పాదచారుల బాట, అనగా వాడుకలో ఫుట్‌పాత్, తెలుగు పట్టణాల బజారు వీధుల్లో ప్రధానంగా మూడు ప్రయోజనాలకు వినియోగమవుతున్నది: దుకాణంలో పట్టని సరుకును పేర్చడానికి, జనరేటరును నిలపడానికి, యజమాని స్కూటరుకు ఎండ తగలకుండా చూడడానికి. నాలుగవదైన నడక రోడ్డు మధ్యకు తరలిపోయి చాలాకాలమైంది. దానిని తిరిగి అంచుకు రప్పించాలని, పక్కన సైకిలుకు కాస్త చోటివ్వాలని ఎవరైనా ప్రతిపాదించినప్పుడల్లా వర్తకుల నుంచి వినిపించే వాదాన్ని కారు బేర సిద్ధాంతం అనవచ్చు. కారు ఆగే చోటు పోతే గిరాకీ పోతుందన్నది దాని సారాంశం కాగా, నాలుగు చక్రాలున్నది కొనే ప్రాణి, రెండు కాళ్లున్నది చిరునామా అడగవచ్చిన ప్రాణి అన్నది దానికి ఆధారమైన జీవశాస్త్రం.

ఈ సిద్ధాంతంపై తెలుగు వర్తకులకు ప్రత్యేక హక్కేమీ లేదు. 1962 నవంబరులో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ నగరం స్ట్రోయెట్ అనే తన ప్రధాన బజారు వీధిలో మోటారు వాహనాలను ప్రయోగాత్మకంగా నిలిపివేసినప్పుడు అక్కడి దుకాణదారులూ బెంబేలెత్తారు. డేన్‌లు ఇటాలియన్లు కారు గనుక ఆ చలిదేశంలో వీధుల వెంట తీరికగా తిరిగేవారు ఉండరన్న వాదమూ పుట్టింది. డేన్‌లకు సైతం కాళ్లున్నాయని, అవి దుకాణాల అద్దాల ముందు ఆగుతాయని ఈలోగా రుజువు కావడంతో, 1964లో ఆ ఏర్పాటు శాశ్వతమైంది.

వర్తకుని అంచనాకూ వాస్తవానికీ గల దూరాన్ని ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో కొలిచి చూశారు. తమ కొనుగోలుదారుల్లో నూటికి 41 మంది కార్లలో వస్తారని అక్కడి దుకాణదారులు చెప్పగా, వచ్చినవారినే అడిగితే ఆ సంఖ్య 22 వద్ద ఆగింది. పైసా తేడా వస్తే రాత్రంతా లెక్క సరిచూసుకునే వృత్తిలో ఇంత తేడా రావడం వింతగా తోచవచ్చు గాని, అందుకు కారణం లేకపోలేదు. కారులో వచ్చినవాడు హారన్ మోగించి వస్తాడు, తాళాలను కౌంటరు మీద చప్పుడయ్యేలా పెడతాడు, పార్కింగు దొరకలేదని పావుగంట నిందించి పోతాడు. నడిచి వచ్చినవాడు కావలసింది కొని, చిల్లర తీసుకుని వెళ్లిపోతాడు గనుక గల్లా పెట్టెకు తప్ప మరెవరికీ గుర్తుండడు.

అయితే కారువాడే ఎక్కువ కొంటాడన్న మాటను పూర్తిగా కొట్టివేయడానికి లేదు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో రవాణా పరిశోధకురాలు కెల్లీ క్లిఫ్టన్ బృందం జరిపిన అధ్యయనంలో, సూపర్‌మార్కెట్ల విషయంలో ఆ మాట నిజమేనని తేలింది. నెల సామాను బస్తాను సైకిలు హ్యాండిలుకు తగిలించుకోవడం ఎవరికైనా కష్టమే. హోటళ్లలోను, చిన్న దుకాణాల్లోను మాత్రం సైకిలు మీద వచ్చినవారు ఒక్కో రాకలో తక్కువ ఖర్చు చేసినా, మళ్లీ మళ్లీ రావడం వల్ల నెల తిరిగేసరికి కారువారిని మించిపోయారు. దీనినే బజారు భాషలో ఖాతా వాడిక అంటారు, కానీ సైకిలు ప్రస్తావన రాగానే ఆ భాష మరుపున పడుతుంది.

హైదరాబాదులో చార్మినార్ పక్కనున్న లాడ్ బజారును చూసినా నడిచి వచ్చేవారే గిరాకీ అన్న సంగతి బోధపడాలి. గాజులు కొనేవారు చేతికి తొడిగి చూడాలి, రంగు నచ్చక పక్క దుకాణానికి పోవాలి, అక్కడ ధర నచ్చక తిరిగి రావాలి. ఈ రాకపోకల్లోనే అనుకోని మరో రెండు డజన్లు అమ్ముడవుతాయి. కారు అద్దం దించి గాజులు బేరమాడే పద్ధతిని ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఇక ఒక కారు నిలిచే చోట ఇంచుమించు పది సైకిళ్లు పడతాయన్న లెక్కను వర్తకుల ముందుంచితే, పదిమంది సైకిలువారు ఎక్కడున్నారో చూపమని అడుగుతారు. వారిని చూపడానికి బయటకు వచ్చినవారికి దుకాణం ఎదుట, గిరాకీ కోసమే కాపాడుకుంటున్న ఆ స్థలంలో, ఉదయం షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా కదలకుండా నిలిచి ఉన్న యజమాని కారు కనిపిస్తుంది.