ఖాళీ మూలుగ

నేను మైక్రోస్కోపుని. ఉండేది ధర్మపురిలో. గోదావరి ఒడ్డు నరసింహస్వామి ధర్మపురి కాదు, హొగేనక్కల్ జలపాతమున్న తమిళనాడు ధర్మపురి. హోసూరు వైపు నుంచి తెలుగువాళ్లూ మా ల్యాబుకు వస్తుంటారు.

ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ ఒకేసారి పడిపోయిన రక్తం వస్తే మా డాక్టరమ్మ తొందరపడదు. తెల్లకణాల కేంద్రకం మరీ ఎక్కువ తునకలుగా చీలిందేమోనని వెతుకుతుంది. చీలితే చాలామటుకు బి12, ఫోలిక్ ఆసిడ్ లోటే, మందులతో తేరుకుంటారు. ఆ ఫోలిక్ ఆసిడ్ తయారీ వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు మరి!

చిగుళ్ల నుంచి రక్తం కారుతున్న ఒక కుర్రాడి రక్తంలో ఆ తునకలు లేవు. తుంటి ఎముక నుంచి తీసిన మూలుగ ముక్కను నా కింద పెట్టారు. కణాలు కిక్కిరిసి ఉండాల్సిన చోట గుండ్రటి తెల్లటి ఖాళీలు, అంతా కొవ్వే. వలసపోయిన ఊళ్లో కొట్టాల్లా అక్కడక్కడా నాలుగు లింఫోసైట్లు, అంటే ఒకరకం తెల్లకణాలు. అప్లాస్టిక్ అనీమియా.

"క్యాన్సరా అమ్మా?" అంది వాళ్లమ్మ.

"కాదమ్మా. కాపలా కాయాల్సిన కణాలే మూలుగ మీద పడ్డాయి."

1888లో పాల్ ఎర్లిక్ అనే వైద్యుడు ఈ జబ్బును వర్ణించాడు. చాలాకాలం దీనికి మందే లేదు. ఇప్పుడు తోబుట్టువు మూలుగ కలిస్తే మార్పిడి చేస్తారు. ఒక్కొక్కరితో కలిసే అవకాశం నాలుగింట ఒకటి. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో 1986 నుంచీ చేస్తున్నారు. కలవకపోతే ఆ కణాల దాడిని అణచే మందులు: గుర్రపు సీరం నుంచి తీసిన ఏటీజీ, దానితో సైక్లోస్పోరిన్. కుందేలు సీరం నుంచి తీసిన ఏటీజీ ఇంకా మేలనుకున్నారు. 2011లో అమెరికాలో 120 మందిపై అచ్చయిన పరీక్షలో గుర్రానికి 68 శాతం మంది స్పందిస్తే, కుందేలుకు 37 శాతమే! 2022లో యూరప్ పరీక్ష ఇంకోటి తేల్చింది: ఎల్‌ట్రాంబోపాగ్ మాత్రను గుర్రపు ఏటీజీ, సైక్లోస్పోరిన్ మందులకు కలిపితే మూడు నెలల్లో పూర్తిగా కోలుకునేవాళ్లు 10 నుంచి 22 శాతానికి పెరిగారు. ఖర్చు మాత్రం కూలిజనానికి అందేది కాదు.

"వీడి అక్క రక్తమిస్తానంటోందమ్మా, ఎక్కించండి" అంది తల్లి. డాక్టరమ్మ వద్దంది. రేపు అక్క మూలుగే కావాల్సివస్తే, ముందే ఎక్కిన ఆమె రక్తం వల్ల వాడి ఒళ్లు దాన్ని తిప్పికొట్టే ప్రమాదం ఉంది.

కాబట్టి ఊరికే కమిలే మచ్చలు, విడవని జ్వరం, రక్తం కారే చిగుళ్లు కనిపిస్తే టానిక్కులతో నెలలు గడపకండి. రక్తపరీక్ష చేయించండి. ఇదే జబ్బని అనుమానం వస్తే ఇంట్లోవాళ్ల రక్తం ఎక్కించకండి, బ్లడ్ బ్యాంకులో బయటివాళ్లది అడగండి.