గాలిగారికి ప్రమోషన్ ఇవ్వండి

2024లో మాల్వణ్‌లో శివాజీ మహారాజ్ విగ్రహం కూలిపోయాక అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి షిండే గారు ఒక అంకె చెప్పారు. గంటకు 45 కిలోమీటర్లు. ఆ వేగంతో గాలి వీచిందట, 35 అడుగుల విగ్రహం పడిపోయిందట.

ఆ అంకె విన్న దగ్గర్నుంచీ మా వీధి చివర ఇంట్లో కుర్రాడంటే నాకు గౌరవం పెరిగిపోయింది. వాడు రోజూ ట్యూషన్‌కి స్కూటీ మీద సరిగ్గా ఆ 45లోనే పోతాడు. అంటే మహారాజుని పడగొట్టిన గాలికి ఎదురొడ్డి వెళ్లి, భోజనాల వేళకి క్షేమంగా ఇంటికొస్తున్నాడు. వాడి చొక్కా గుండీ కూడా ఊడటం లేదు.

ఈ మాట అన్నందుకు ముఖ్యమంత్రిని అందరూ తిట్టారు. నేను తిట్టను. ఆయన చెప్పింది సాకు అనుకోవడం మన తొందరపాటు. ఒక నిజాయితీపరుడైన ఉద్యోగికి ఇన్నాళ్లకి ప్రభుత్వం నోటి నుంచి దక్కిన గుర్తింపు అది. ఈ దేశంలో కట్టినవాటిని కట్టినచోటికి వెళ్లి, చేత్తో తోసి చూసి తనిఖీ చేస్తున్న క్వాలిటీ కంట్రోల్ ఇంజినీరు ఒక్కరే మిగిలారు. గాలిగారు.

ఆయన సర్వీసు రిజిస్టరు తిరగేయండి. 2022 ఏప్రిల్, బిహార్. గంగ మీద 1,710 కోట్లతో కడుతున్న సుల్తాన్‌గంజ్–అగువానీ వంతెన. గాలిగారు రాత్రిపూట చెప్పాపెట్టకుండా వెళ్లారు, ఒక భాగం కూలింది. ఎందుకు కూలిందంటే బలమైన గాలికి అని తమ కార్యదర్శి చెప్పారనీ, ఒక ఐఏఎస్ అధికారి ఆ మాట ఎలా ఒప్పుకున్నారో తనకు అంతుపట్టడం లేదనీ కేంద్ర మంత్రి గడ్కరీ గారే నలుగురిలో వాపోయారు. అంతుపట్టకపోవడానికి ఏముంది? పెద్ద అధికారి పేరు చెప్తే కింది ఫైళ్లు నోరు మూసుకుంటాయి. అదే వంతెన 2024 ఆగస్టు 17న మూడోసారి కూలింది. ఆ రోజు గాలిగారు సెలవులో ఉన్నట్టున్నారు, గంగమ్మ ఇన్‌ఛార్జి.

రెండో పేజీ మనదే. 2024 ఏప్రిల్ 22, పెద్దపల్లి జిల్లా ఓడేడు. మానేరు మీద వంతెన. రాత్రి పదికి పావుగంట తక్కువ. ఏ ఇంజినీరు ఆ వేళకి సైటు మీద ఉంటాడండీ? తెల్లారితే హనుమజ్జయంతి. కొడుకు పుట్టినరోజు పనులు ఇంట్లో పెట్టుకుని డ్యూటీకి వచ్చారాయన. రెండు గర్డర్లు కిందికి దించి వెళ్లారు.

మాల్వణ్‌లో ఆగస్టు 26, సోమవారం. కృష్ణాష్టమి. మన ఆఫీసుల్లో మామూలు సోమవారమే పదకొండున్నర దాకా కుర్చీ మీద తువాలు తప్ప మనిషి కనపడడు. గాలిగారు పండగ పూట మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి పని ముగించారు. టీఏ బిల్లు పెట్టలేదు. గెస్ట్‌హౌస్ అడగలేదు. నాటుకోడి పులుసు ఊసే లేదు. గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం అని మనవాళ్లు ఊరికే అన్నారా, తిథి చూసుకుని మరీ అన్నారు.

ఇన్ని సుగుణాలున్న మనిషికి అనుభవం చాలదని ఎవరైనా కొర్రీ వేస్తారేమో. కొడుకు వారధి పనిలో రాళ్లు మోసిన కుటుంబం అది. నూరు యోజనాలు, ఐదు రోజులు, గడువు పొడిగింపు లేదు, అంచనాల సవరణ లేదు.

గాలిగారు కాస్త కఠినులని, అతి చేస్తారని కొందరి ఫిర్యాదు. అది తప్పు. నిజానికి ఆయన చాలా మెతక. ఐఎస్ 875, మూడో భాగం అని మన ఇంజినీర్ల పుస్తకం ఒకటుంది. దేశ పటాన్ని మండలాలుగా విడగొట్టి, ఎక్కడ ఎంత గాలికి లెక్కకట్టాలో చెబుతుంది. అందులో అన్నిటికన్నా నెమ్మదైన మండలానికి పెట్టిన ప్రాథమిక వేగమే సెకనుకు 33 మీటర్లు. గంటకు సుమారు 119 కిలోమీటర్లు. అంతకు దిగువన గడి లేదు. గాలి తోపు వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 45కీ 119కీ మధ్య తోపులో తేడా దాదాపు ఏడింతలు. అంటే సముద్రం మొహం ఎరగని ఊళ్లో కట్టేదానికి కూడా పుస్తకం పెట్టే పరీక్ష, మాల్వణ్‌లో గాలిగారు పెట్టినదానికన్నా ఏడు రెట్లు గట్టిది. ఆయన ఎల్‌కేజీ పేపరిచ్చారు. విగ్రహం ఎల్‌కేజీ తప్పింది.

వాతావరణ శాఖ లెక్కలో తుపాను అనే పేరు రావాలంటేనే గాలి 62 అందుకోవాలి. 45కి గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది, అంతే. హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్లకి అది బీచిలో మొక్కజొన్న పొత్తులు కాల్చుకునే గాలి.

ఇంకో సుగుణం చెప్పకపోతే పాపం. ఆయనకి ఇన్‌వార్డ్ సెక్షన్ లేదు. విగ్రహం నట్లు, బోల్టులు తుప్పుపట్టాయని ప్రజాపనుల శాఖ ఇంజినీరు ఆగస్టు 20నే ఆ పని చేయించిన నౌకాదళానికి ఉత్తరం రాశారని వార్త. అప్పుడు గాలి లేదు, ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం ఏ టేబుల్ మీద ఏ పేపర్‌వెయిట్ కింద ఉందో మనకు తెలియదు. పేపర్‌వెయిట్ అనేది గాలికి వ్యతిరేకంగా ప్రభుత్వం దగ్గర గట్టిగా నిలబడిన ఏకైక కట్టడం.

కాబట్టి నా విన్నపం. గాలిగారిని చీఫ్ ఇంజినీరుగా, విజిలెన్స్ అదనపు బాధ్యతలతో నియమించాలి. పని కొలతల ఎం-బుక్ ఆయనే రాయాలి. బిల్లు పాస్ చేసే ముందు ఆయన సంతకం ఉండాలి. మామూళ్ల సంగతి అడుగుతారు, గుప్పెట్లో నిలవని మనిషికి కవరు ఎలా ఇస్తారు? చిక్కల్లా ఒక్కటే, బదిలీ. ఎవరికైనా కోపం వస్తే ఈయన్ని పంపడానికి లూప్‌లైన్ పోస్టు దొరకదు. గాలి లేని జిల్లా ఏదీ?

ఆయన తనిఖీలో నెగ్గినవి లేవనుకోకండి. విగ్రహం పెట్టిన ఒడ్డు నుంచి చూస్తే ఎదురుగా సముద్రంలో సింధుదుర్గం కోట కనపడుతుంది. 1664లో శివాజీ మొదలుపెట్టించి, మూడేళ్లలో పూర్తిచేయించినది. పునాది రాళ్లకు కరిగిన సీసం పోయించారని చెప్తారు. 360 ఏళ్లుగా ప్రతి వానాకాలం గాలిగారు ఆ గోడల్ని తోసి చూస్తున్నారు. రిమార్కులు నిల్. రాజు కట్టించింది నిలబడింది. రాజుకు కట్టింది 2023 డిసెంబరు 4న ప్రధాని చేతుల మీదుగా తెర తీస్తే తొమ్మిది నెలలు నిండలేదు.

విగ్రహం పడితే పరువు పోతుంది. విగ్రహాన్ని మళ్లీ కట్టుకోవచ్చు, ఈసారి ఇంకా పెద్దది. ఓడేడు మాటేమిటి?

ఆ వంతెనకు 2016లో కొబ్బరికాయ కొట్టారు. దాదాపు 49 కోట్లు. ఏడాదిలో అయిపోవాలి. పని మధ్యలో ఆగింది. గర్డర్లు పిల్లర్ల మీద ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. గర్డర్లను ఒకదానికొకటి అడ్డంగా కలిపి బిగించి, పైన స్లాబు పోస్తేనే అది వంతెన. అంతవరకూ అవి గోడ మీద నిలబెట్టిన పలకలు. ఇది ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం కుర్రాడికి తెలుసు. సైటు మేస్త్రీకి తెలుసు. ఏళ్ల తరబడి ఫైలు చూసిన ప్రతి సంతకానికీ తెలుసు. తెలిసే వదిలేశారు. కింద బాట మూయలేదు. మూస్తే జనం ఎటు పోవాలి? వంతెన మీద నుంచి పోవాల్సినవాళ్లు అప్పటికి ఎనిమిదేళ్లుగా వంతెన కింద మట్టిబాటలో పోతున్నారు.

ఆ రాత్రి పెళ్లి నుంచి తిరిగొస్తున్న బస్సు ఆ గర్డర్ల కిందుగా దాటింది. అందులో 65 మంది ఉన్నారు. వాళ్లు దాటిన నిమిషానికి రెండు గర్డర్లు పడ్డాయని ఊరివాళ్లు చెప్పారు. ఒక్క నిమిషం. ఏ మేనత్తో చెప్పులు మరిచిపోయానని బస్సాపించి ఉంటే చాలు. నిద్రపోతున్న పసిపిల్లల మీద టన్నుల కాంక్రీటు పడేది. తెల్లారి ఎక్స్‌గ్రేషియా అంకె ప్రకటించేవారు. కమిటీ వేసేవారు. ఎవరి ఉద్యోగమూ పోయేది కాదు, ఎవరి లైసెన్సూ పోయేది కాదు, ఎందుకంటే దోషి అప్పటికే దొరికిపోయేవాడు. వాడికి ఒళ్లు లేదు, ఇల్లు లేదు, నోరు లేదు, ఏ పార్టీ కండువా లేదు.

పేపర్లు కూడా అలాగే రాసేవి. అనుమానం వచ్చి ఆ ఏప్రిల్ 24 నాటి మా పేపరు తీయించి చూశాను. “ఈదురుగాలులకు కూలిన వంతెన” అని ఉంది శీర్షిక. పెట్టింది మేమే.