గాలికి తేమ, వేళ్లకి ఊపిరి

మా రోజుల్లో బిగోనియాని డబ్బిచ్చి కొన్నవాళ్లు మా వీధిలో లేరు. వైజాగ్ వన్‌టౌన్ పెంకుటిళ్ల వసారాల్లో, వెలుతురుండి ఎండ తగలని చోటు చూసి కుండీ పెట్టేవాళ్లు. ఎవరింట్లోనైనా రెక్స్ బిగోనియా నచ్చి అడిగితే, ముదురాకొకటి తెంపి చేతిలో పెట్టేవారు. ఆ ఆకు వెనక లావుపాటి ఈనెల మీద బ్లేడుతో గాట్లు పెట్టి, తడి ఇసుక మీద పరిచి, గాట్లు ఇసుకని అంటుకుని ఉండేలా పైన గులకరాళ్లు పెట్టేవాళ్లం. కొన్ని వారాలకి గాటు గాటుకీ వేళ్లు దిగి, గోరంత పిల్లమొక్కలు లేచేవి. అలా చేత్తో పెంచిన మొక్క దాహం మనకి తెలిసిపోయేది.

ఇప్పుడో? ఫోన్లో ఆర్డరు, అట్టపెట్టెలో మొక్క, అడుగున చిల్లైనా లేని పింగాణీ కుండీ! కడియం నర్సరీల మొక్కలో ఏ లోపమూ లేదు, లోపమంతా తెచ్చుకున్నాక చేసే చాకిరీలోనే ఉంది. కొబ్బరిపొట్టు ఆరకముందే రెండు పూటలా నీళ్లు, అదీ ఆకుల మీద నుంచి. వేళ్లు కుళ్లి, కాడ మెత్తబడి, మొక్క ఒరిగిపోతే "వైజాగ్ వాతావరణం దీనికి పడదండీ" అని తేల్చేస్తారు.

పడకపోవడమేమిటి? రెక్స్ బిగోనియా 1850ల్లో మన అసోం నుంచే ఇంగ్లండు వెళ్లింది. అక్కడివాళ్లు అద్దాల గదులు కట్టి, గాలికి తేమ పట్టించి మరీ పెంచారు. ఆ తేమ సముద్రం పక్కనున్న మనకి ఊరికే దొరుకుతుంటే, ఏసీ వేసి దాన్ని పోగొడుతున్నాం. ఆకుల అంచులు ఎండాయని మళ్లీ వేళ్లకి నీళ్లు పోస్తున్నాం. తేమ కావలసింది గాలిలో. వేళ్లకి కావలసింది ఊపిరి.

మన ఊళ్లో దీనికి నిజమైన శత్రువులు మే నెల పడమటెండ, బీచ్ వైపు ఉప్పుగాలి. ఈ రెండింటికీ చాటు చేయండి. అలాగని గాలాడని మూలకి నెడితే ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు పడుతుంది. పాతనగరంలో నల్లదుమ్ము పేరుకుంటే నూగు ఆకుని తడిగుడ్డతో రుద్దకండి, మెత్తని బ్రష్షుతో దులపండి. చిల్లున్న మట్టికుండీ, అడుగున పెంకుముక్కలు, చివికిన ఆకు ఎరువు, ఇసుక కలిపిన ఎర్రమట్టి చాలు. దుంపకాడని మట్టిలో పూర్తిగా పూడ్చకండి. కుండీలో వేలు పెట్టి చూసి, పైమట్టి పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి.