దోకుడుపార ఆత్మకథ

దోకుడుపార గడ్డి చెక్కే పనిముట్టు. నాలుగు వేళ్ల వెడల్పున ఇనప రేకు, దాని వెనక కాడ, కాడ దిగిన కర్ర పిడి. దాని ఒళ్లంతా ఇంతే. గొంతుకు కూర్చుని పనిచేసే మనిషి కోసం పుట్టిన సాధనం ఇది. మొక్క మొదట్లో నేలకు వాల్చి ముందుకు నెడితే గడ్డి వేరు తెగుతుంది. మొనతో నాలుగు పోట్లు పొడిస్తే పైమట్టి గుల్లవుతుంది.

తన కథ చెప్పుకొంటున్న ఈ దోకుడుపార నల్లపాడులో ఒక కొలిమి దగ్గర పుట్టింది. నల్లపాడు గుంటూరును ఆనుకుని ఉన్న ఊరు. నడికుడి మీదుగా సికింద్రాబాదు పోయే లైనూ, నరసరావుపేట మీదుగా గుంతకల్లు పోయే లైనూ అక్కడే చీలతాయి. తోటంటే ప్రాణం పెట్టే ఒక మాస్టారికి ఉద్యోగ విరమణ రోజున ఇద్దామని ఆయన పాత విద్యార్థులు దీన్ని చేయించారు. అదే రోజు వచ్చిన మిగతా తోట కానుకలు కూడా దీనితోపాటే మాస్టారి వసారాలో మేకులకు వేలాడుతున్నాయి. వాటిలో ఏది రోజూ చేతికెక్కుతోంది, ఏది దుమ్ము పట్టింది, ఎందువల్ల అన్నదే ఈ ఆత్మకథలోని విషయం.

మొదట చెప్పవలసింది మట్టి గురించి. నల్లపాడు పొలాలది నల్లరేగడి. అందులో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను పాలు ఎక్కువ. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. తేమను లోపల దాచిపెట్టే ఈ గుణమే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తినీ మిరపనూ నిలబెట్టింది. పెరటి తోటలో మాత్రం ఆ నేల పనిముట్లను గట్టిగానే పరీక్షిస్తుంది. తడి మీద దిగితే మట్టి ముద్దలుగా అంటుకుని వదలదు. ఎండాక దిగితే గడ్డ పగలదు. వాన వెలిశాక నేల పదునులో ఉండే రోజులు కొద్ది. ఆ కొద్ది రోజుల్లో పని సాగాలంటే రేకు నున్నగా, మెడ గట్టిగా ఉండాలి.

మాస్టారికి వచ్చిన కానుకల్లో మూడు పనిముట్ల సెట్టు ఒకటుంది. పచ్చ ప్లాస్టిక్ పిడులు, అందమైన అట్టపెట్టె. అందులోని ట్రోవెల్ రేకు పల్చనిది. రేకుకూ కాడకూ మధ్య చిన్న వెల్డు తప్ప మరో ఆసరా లేదు. పెరట్లో కరివేపాకు మొక్క మొదట్లో దించి పైకి ఎత్తగానే ఆ వెల్డు దగ్గర మెడ వంగింది. దాన్ని పారేయలేదు. డాబా మీద కుండీల దగ్గరికి మార్చారు. కోకోపీటూ వర్మీకంపోస్టూ కలిపిన మట్టి గుల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ అది ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. కానుక ఎంచుకునేవాళ్లు ధర చూడకముందే తెలుసుకోవలసిన సంగతి ఇదే: ఆ ఇంట్లో తోట నేల మీద ఉందా, డాబా మీద ఉందా?

డాబా మీద కూరగాయలు పెంచే పద్ధతికి మిద్దెతోట అనే పేరు తెలుగునాట ఇప్పుడు బాగా అలవాటైంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి హైదరాబాదులో తన ఇంటి మీద తోట పెంచి, దాని మీద పుస్తకం రాసి, ఈ మాటనూ పద్ధతినీ ఎందరికో చేర్చారు. గుంటూరు దగ్గరి కొర్నెపాడులో రైతునేస్తం ఫౌండేషన్ సేంద్రియ సాగులో శిక్షణ ఇస్తోంది. దాన్ని నడిపే యడ్లపల్లి వెంకటేశ్వరరావుకు 2019లో పద్మశ్రీ వచ్చింది. మిద్దెతోట వాళ్లకు కొనేటప్పుడు తేలికపాటి పనిముట్లు, పట్టుకుని ఎత్తడానికి చెవులున్న గ్రోబ్యాగులు, కంపోస్టు జల్లించుకునే జల్లెడ బాగుంటాయి. నేల మీద తోట ఉన్నవాళ్లకు కావలసింది బలమైన ఇనుము.

దోకుడుపార ఇనుము లారీ కమాను పట్టీది. బండి బరువును మోస్తూ వంగి, మళ్లీ నిటారయ్యేందుకు తయారుచేసిన ఉక్కు అది. అందులో కర్బనం సుమారు అర శాతం పైన, సిలికాన్ కొంత ఉంటాయి. అందుకే పదును పెడితే నిలుపుకుంటుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి, దాకలి మీద పెట్టి సమ్మెటతో సాగదీశారు. రేకూ కాడా ఒకే ముక్కలోంచి వచ్చాయి, అతుకు లేదు. తర్వాత మళ్లీ కాల్చి నూనెలో ముంచారు. ముంచగానే ఉక్కు గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది, రాయి తగిలితే అంచు విరుగుతుంది. అందుకని అంచును మళ్లీ సన్నని వేడికి చూపి, దాని మీద గడ్డి రంగు దాటి ఊదా రంగు తేలే దాకా ఉంచి చల్లార్చారు. ఈ చివరి వేడి దోకుడుపార జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. కంకర రాళ్లున్న పెరట్లో కూడా అంచు ఇంతవరకు విరగకపోవడానికి కారణం అదే.

పిడి నల్లతుమ్మది. కర్ర చీలిపోకుండా కాడ దిగే చోట ఇనప పొన్ను తొడిగారు. పొన్ను లేని పిడి ఎండాకాలంలో ఆరి, చీలి, ఊగడం మొదలుపెడుతుంది. కొట్లో కొనేవాళ్లు చూడవలసింది కూడా ఈ రెండే: రేకూ కాడా ఒకే ముక్కా, పిడికి పొన్ను ఉందా? పిడి పట్టుకుని రేకు మీద వేలితో కొడితే గలగలమనకూడదు. లూధియానా ఫాల్కన్, టాటా ఆగ్రికో లాంటి పేరున్న కంపెనీల సరుకైనా పరీక్ష ఇదే. స్టెయిన్‌లెస్ స్టీలు పనిముట్టు తుప్పు పట్టదు, తడి రేగడి దాన్నుంచి తొందరగా జారిపోతుంది. చవక రకాల్లో మాత్రం అంచు త్వరగా మొద్దుబారుతుంది.

దోకుడుపార పక్క మేకుకు కొమ్మల కత్తెర ఉంటుంది. తోటపనిలో ఖర్చు పెట్టదగిన వస్తువు ఒకటే ఉందంటే అది ఇదే. ఈ రకం కత్తెరను కనిపెట్టిన ఘనత ఫ్రాన్సులో పదహారో లూయీ దగ్గర నౌకాశాఖ మంత్రిగా చేసిన బెర్ట్రాండ్ ద మొల్వీల్‌కు ఇస్తారు. ఆ కత్తెర వచ్చింది 19వ శతాబ్దం మొదట్లో. స్విట్జర్లాండులో 1945లో మొదలైన ఫెల్కో 1948లో తెచ్చిన ఎర్ర పిడుల రెండో నంబరు కత్తెర నేటికీ అమ్ముడవుతోంది. ఆ కత్తెరలో బ్లేడూ స్ప్రింగూ బోల్టూ అన్నీ విడిగా దొరుకుతాయి, అరిగిన భాగం మార్చుకోవచ్చు. అంత ధర పెట్టనక్కర్లేదు గానీ, విడిభాగాలు దొరకడమనే గుణం ఏ కంపెనీ కత్తెరలోనైనా వెతకాలి.

కత్తెరల్లో రకాలు రెండు. ఒకదాంట్లో రెండు అలుగులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోతాయి. అది పచ్చి కొమ్మను నలపకుండా కోస్తుంది కాబట్టి గులాబీ, మల్లె, నిమ్మలకు అదే కావాలి. రెండో రకంలో ఒక అలుగు చదునైన దిమ్మ మీదికి దిగి తెంపుతుంది. ఎండు పుల్లలకు అది సరిపోతుంది, పచ్చి కాడను మాత్రం చితకగొడుతుంది. మాస్టారి నిమ్మ చెట్టు ఆకుల మీద గజ్జి మచ్చలున్నాయి. ఆ గజ్జిని కలిగించే బాక్టీరియా కత్తెర అంచు మీద ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోతుంది. అందుకే ఆయన కోసిన ప్రతి చెట్టుకూ మధ్య అంచును స్పిరిటు గుడ్డతో తుడుస్తారు. కత్తెరతోపాటు చిన్న స్పిరిటు సీసా, మెత్తటి గుడ్డ కలిపి ఇచ్చినవాళ్ల కానుక ఈ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉంది.

చేయి సంగతీ చూడాలి. ఎడమచేతి వాటం వాళ్లకు మామూలు కత్తెర ఎదురు తిరుగుతుంది. వాళ్లకని ఎడమచేతి కత్తెరలు వేరే ఉన్నాయి. చిన్న అరచేతికి పూర్తిగా తెరుచుకునే పెద్ద కత్తెర ఇస్తే వేళ్లు అందవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దోకుడుపారను కానుకగా ఇవ్వకూడదు. ఈ మాట దోకుడుపారే చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే మాస్టారికి ఇప్పుడు గొంతుకు కూర్చోవడం కష్టమవుతోంది. ఒక పొట్టి పీట వచ్చాక పని మళ్లీ సాగింది. అలాంటివాళ్లకు నిలబడి లాగే పొడుగు కర్ర పార గానీ, అలాంటి పీట గానీ కొనడం మంచిది.

నీళ్ల సంగతికొస్తే రోజ్‌కేన్ మంచి కానుక. పది లీటర్లది నిండితే పది కిలోల పైన తూగుతుంది, మెట్లెక్కి డాబా మీదికి మోయాలి. పెద్దవాళ్లకు ఐదు లీటర్లవి రెండిస్తే రెండు చేతులకూ బరువు సమంగా పడుతుంది. 1886లో ఇంగ్లండుకు చెందిన జాన్ హాస్ పేటెంటు తీసుకున్న కేనులో పొడుగు గొట్టం, బరువు ఎటూ తూలకుండా ఉండే పిడి ముఖ్యమైన మార్పులు. ఇప్పటికీ చూడవలసినవి అవే. జల్లు మూత ఊడదీసి కడుక్కునేదై ఉండాలి, లేకపోతే నాచు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. మూత పైకి తిరిగి ఉంటే నీళ్లు సన్నని తుంపరగా పడి నారు వాలిపోదు. పల్నాటి ఎండలకు చవక ప్లాస్టిక్ ఒకటి రెండు వేసవుల్లో పెళుసై పగులుతుంది. జింకు పూత రేకు కేను ఎక్కువ కాలం ఉంటుంది. ఊళ్లకు పోయే అలవాటున్నవాళ్లకు చిన్న డ్రిప్పు కిట్టు ఉపయోగం, ఇంటి బోరు నీళ్లలో ఉప్పు లేకపోతేనే.

మిరప సీమలో తోట ఉన్నవాళ్లకు ఇవ్వదగిన చిన్న వస్తువు ఒకటుంది, చాలామందికి తట్టదు. అది పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. 2021లో గుంటూరు, ప్రకాశం మిరప చేలను దెబ్బతీసిన నల్ల తామరపురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదట గుర్తించారు. పూవులో దాక్కుని రసం పీలుస్తుంది, పూత రాలుతుంది. కంటికి నల్లటి నలుసులా కనిపించేది అద్దంలో రెక్కలున్న పురుగుగా తెలుస్తుంది. మాస్టారు తెల్లవారగానే ఒక మిరప పూవు కోసి, తెల్లకాగితం మీద తట్టి, అద్దం పెట్టి చూస్తారు. తామరపురుగులు నీలం రంగు జిగురు అట్టలకు, తెల్లదోమ పసుపు అట్టలకు వస్తాయి. మిరప ఆకులను ముడిచే బొబ్బర తెగులును మోసుకొచ్చేది తెల్లదోమే కాబట్టి రెండు రంగుల అట్టలూ కట్టగా ఇస్తే ధర తక్కువ, మేలు ఎక్కువ.

స్ప్రేయరు రెండు లీటర్లది చాలు. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది కలిసేందుకు కాస్త సబ్బు నీళ్లు పోసి సాయంత్రం కొట్టుకోవచ్చు. స్ప్రేయరు ఇచ్చేవాళ్లు దాని మీద మొక్కల మందుకు మాత్రమే అని రాసి అంటిస్తే మంచిది. పొలంలో 2,4-డి లాంటి కలుపు మందు కొట్టిన డబ్బాతోనే పెరట్లో కొడితే, అడుగున మిగిలిన చుక్కలకే పత్తి, టమాటా, మిరప ఆకులు మెలితిరుగుతాయి.

చేతి తొడుగులు ముళ్లకూ పాలకూ వేరువేరు. గులాబీకి, కాగితంపూలకు మందపాటి తోలు తొడుగు కావాలి. విషపు పాలు కారే గన్నేరు కత్తిరించడానికి, పండుమిరప కోసి గింజ తీయడానికి నైట్రైల్ తొడుగు కావాలి. నూలు తొడుగులోంచి మిరప ఘాటు చర్మానికి దిగుతుంది.

ఇచ్చే రోజు గురించి కూడా తెలుసుకోవాలి. శనివారం ఇనుము కొనకూడదని చాలా ఇళ్లలో పట్టింపు ఉంది. కత్తీ కత్తెరా ఊరికే పుచ్చుకోకూడదని ఒక రూపాయి బిళ్ల తిరిగి చేతిలో పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఆ పట్టింపులను గౌరవించి ఇస్తే పుచ్చుకున్నవాళ్ల మనసు నిమ్మళంగా ఉంటుంది. దసరా రోజుల్లో ఆయుధ పూజకు ముందు ఇస్తే, ఆ పనిముట్టు పసుపు కుంకుమలతో ఇంట్లో అడుగుపెడుతుంది. ఈ దోకుడుపారకు ప్రతి విజయదశమికీ బొట్టు పడుతుంది.

పనిముట్టుతోపాటు దాన్ని చూసుకునే సరంజామా కూడా ఇవ్వాలి: ఒక ఆకురాయి, చిన్న సానరాయి, అవిసె నూనె సీసా. పని అయ్యాక మట్టి గీకి, గుడ్డతో తుడిచి, రేకును నూనె కలిపిన ఇసుక డబ్బాలో రెండు పోట్లు పొడిస్తే తుప్పు దరికి రాదు. ఆకురాయిని అంచుకు ఒకే వైపు, ఒకే వాలున, బయటికి నెడుతూ రాయాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే ఆకురాయి పళ్లే పాడవుతాయి. అవిసె నూనెను ఏటా వానలకు ముందు పిడికి పట్టించాలి. తుమ్మ పిడి ఎంత గట్టిదైనా కొన్నేళ్లకు అరుగుతుంది. ఈ దోకుడుపారకు ఒకసారి పిడి మారింది. పాత పొన్నునే కొత్త కర్రకు తొడిగి, కాడను సెగకు చూపి, వేడి మీదనే కర్రలోకి దించి కొట్టారు. నల్లపాడు కొలిమి దగ్గర అది అరగంట పని.