రెండు తేదీలు

విశాఖలో సింధియా దాటి, డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి దిగితే యారాడ. 2013లో ఆ ఊళ్లో ఒక నెట్ సెంటర్ ఉండేది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మెషిను. గోడకి పేపర్ కటింగు, దాని పక్కన చేత్తో రాసిన అట్ట: ‘పెన్‌డ్రైవ్ ముందు నాకు ఇవ్వాలి.’

ఆ కటింగు అంతకుముందు ఏడాది జూలై నాటిది. విశాఖలోని తూర్పు నౌకాదళం కంప్యూటర్లలో వైరస్ దొరికిందన్న వార్త. ఆ కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు. బయటివాళ్లు చొరబడకూడదని కావాలనే ఇవ్వలేదు. పెన్‌డ్రైవ్ పెట్టకూడదన్న నిబంధన కూడా ఉంది. అయినా ఎవరో పెట్టారు. పెన్‌డ్రైవ్‌లో కంటికి కనపడని ఫోల్డరు ఒకటి తయారైంది. ఫలానా మాటలున్న ఫైళ్లన్నీ వైరస్ వెతికి తెచ్చి అందులో దాచుకుంది. అదే పెన్‌డ్రైవ్‌ని నెట్ ఉన్న కంప్యూటర్‌కి పెట్టగానే ఆ ఫైళ్లు చైనాలోని అడ్రసులకు వెళ్లిపోయాయని పేపర్లు రాశాయి. అణు జలాంతర్గామి అరిహంత్ అప్పటికి ఇక్కడే పరీక్షల్లో ఉంది.

“నేవీవాళ్లకే తప్పలేదు” అని సెంటర్ యజమాని వచ్చినవాళ్లందరికీ ఆ కటింగు చూపించేవాడు. ఎవరి ఇంట్లో కంప్యూటరు మొరాయించినా అతన్నే పిలిచేవారు. వెళ్లి బాగుచేస్తే నూటయాభై రూపాయలు.

నవంబరు మొదటి వారంలో ఒక డిప్లొమా కుర్రాడు వచ్చాడు. వాళ్లమ్మ చేపలమ్ముతుంది.

“అన్నా, మొన్న ఇక్కడ ప్రింటు తీసుకున్నాక నా ఫోల్డర్లు తెరుచుకోవట్లేదు. అన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి” అన్నాడు.

యజమాని తన కంప్యూటరు వెతికాడు. స్టార్టప్ ఫోల్డరులో ‘హెల్పర్’ అనే ఫైలు కనిపించింది. అతను పెట్టింది కాదు. ఎప్పుడూ చూసింది కాదు.

“నీది పెట్టాకే నా సిస్టం చెడింది” అన్నాడు.

కుర్రాడు కాదన్నాడు. యజమాని మాటలు పెంచలేదు. నలుగురూ చూస్తుండగా ఆ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, కుర్రాడి చేతిలో పెట్టి, మళ్లీ ఇటు రావద్దన్నాడు. అందులో కుర్రాడి ప్రాజెక్టు రిపోర్టు ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు.

మర్నాడు పొద్దున్న వాళ్లమ్మ వచ్చింది. చేపల గంప గుమ్మం బయట దించింది.

“మా గుంటడు అలాటోడు కాదు బావూ. ఆడి పుస్తకం పోనాదట. ఎక్కడైనా ఉంటే తీసి ఇయ్యి.”

“వాడు తెచ్చిన వైరస్‌కి నా సెంటర్ మూతపడేలా ఉందమ్మా” అన్నాడు యజమాని.

నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన అప్పుడు అక్కడే ఉన్నాడు. పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్ ఫారం ప్రింటు కోసం వచ్చాడు. ఓడల్లో ఎలక్ట్రికల్ పని చేసినవాడు.

“ఆ ఫైలు ఒకసారి చూడనిస్తావా బాబూ?” అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫైలు తెరవలేదు. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కాడు. రెండు తేదీలు కనిపించాయి. మాడిఫైడ్, ఆగస్టు 11. క్రియేటెడ్, అక్టోబరు 27, రాత్రి 9.14.

“పుట్టకముందే దిద్దారా?” అన్నాడు యజమాని.

“పుట్టింది ఇక్కడ కాదు. ఫైలుని ఒకచోట నుంచి ఇంకోచోటికి కాపీ చేస్తే మాడిఫైడ్ తేదీ పాతదే ఉంటుంది. క్రియేటెడ్ మాత్రం వచ్చి చేరిన వేళ పడుతుంది. ఇది 27వ తేదీ రాత్రి తొమ్మిదింపావుకి నీ గుమ్మం తొక్కింది.”

నెట్ నుంచి దిగిందేమోనని బ్రౌజర్ హిస్టరీ చూశాడు. ఆ రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఏమీ లేదు. తర్వాత సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు తెరిచి, అందులో ‘ఇన్ఫ్’ అనే ఫోల్డరులోకి వెళ్లి, ఒక టెక్స్ట్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. కొత్త పెన్‌డ్రైవ్ ఏది మొదటిసారి పెట్టినా విండోస్ అందులో రాసుకుంటుంది. ఏ రోజు, ఏ వేళ, ఆ పెన్‌డ్రైవ్ సీరియల్ నంబరు ఎంత. పేజీలకు పేజీలున్నాయి. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో లైనూ వేలు పెట్టి చదువుతూ కిందికి జరిగాడు.

“అమ్మా, మీవాణ్ణి పెన్‌డ్రైవ్ తీసుకుని రమ్మను.”

కుర్రాడు వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి పెన్‌డ్రైవ్ అందించాడు. పెద్దాయన పెట్టి, నంబరు చూసి, లాగ్‌లో వెతికాడు. ఆ నంబరు మొదటిసారి పడింది అక్టోబరు 30న, సాయంత్రం.

“మీవాడు వచ్చేసరికే ఇది ఇక్కడుంది. మూడు రోజుల ముందునుంచీ ఉంది. వీడికి ఇక్కడే అంటుకుంది” అన్నాడు పెద్దాయన. కుర్రాడి వైపు తిరిగాడు. “నీ రిపోర్టు ఆరోజు పోలేదు నాయనా. ఈ వైరస్ ఫోల్డర్లని చెరపదు, కనపడకుండా చేస్తుంది. వాటి పేరుతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. నువ్వు తెచ్చేసరికి నీ ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.”

కుర్రాడు యజమాని వైపు చూశాడు. యజమాని ప్రింటరులో కాగితాలు సర్దాడు.

“మరి 27న ఎవరు పెట్టారండీ?” అన్నాడు.

లాగ్‌లో ఆ రాత్రి 9.12కి ఒక కొత్త నంబరు ఉంది. చివరి నాలుగంకెలు 7316. పెద్దాయన వాటిని లైఫ్ సర్టిఫికెట్ ఫారం వెనక రాసుకున్నాడు. సెంటర్‌లో ఎవరైనా మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయా అన్నాడు. యజమాని సొరుగు లాగి ఐదారు తీసి బల్ల మీద పోశాడు. ఒక్కొక్కటీ పెట్టి చూశారు. ఏదీ కాదు.

“ఇంకేమైనా ఉన్నాయా?”

“లేవండీ. నాది తప్ప.”

“అదీ చూద్దాం.”

యజమాని నడుముకున్న తాళాల గుత్తి తీశాడు. గుత్తికి ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. దాని మీద తెల్ల స్టిక్కరు. స్టిక్కరు మీద ‘యాంటీవైరస్’ అని రాసుంది.

“ఇది కొత్తదండీ. దసరా వెళ్లాక కొన్నాను. గాజువాకలో మా స్నేహితుడే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చాడు. ఇళ్లకెళ్లి వైరస్ తీయడానికి వాడేది ఇదే.”

పెద్దాయన దాన్ని పెట్టాడు. నంబరు తెరిచాడు. చివరి నాలుగంకెలు 7316. దాచిన ఫైళ్లు కనిపించేలా సెట్టింగు మార్చాడు. యాంటీవైరస్ ఫోల్డరు పక్కన హెల్పర్ ఉంది. మాడిఫైడ్, ఆగస్టు 11.

ఎవరూ మాట్లాడలేదు. వాళ్లమ్మ గుమ్మంలోంచి మెడ చాచింది.

“దొరికినాదా బావూ?”

పెద్దాయన పెన్‌డ్రైవ్ తీసి, గుత్తితో సహా యజమాని ముందు పెట్టాడు.

“ఇది పట్టుకెళ్లి ఇప్పటిదాకా ఎన్ని ఇళ్లలో కంప్యూటర్లు బాగుచేశావు బాబూ?”